గోదావరి లంకల్లో ఆరిపోయిన సారా బట్టీలు.. ఆ బూడిద ఏం చెబుతోంది?

రెల్లు దుబ్బుల మధ్య నల్లగా మాడిన మూడు రాళ్లు. పక్కనే గుండ్రటి గొయ్యి, అందులో సగం కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము, కాస్త దూరంలో సొట్టపోయిన సిల్వర్ బిందె. గోదావరి లంకల్లో ఇలాంటివి కనిపిస్తే ఇక్కడెవరో వనభోజనాలు చేసుకున్నారని ఎవరూ అనుకోరు. అది నాటుసారా బట్టీ ఉన్న చోటని అక్కడివాళ్లకు చూడగానే తెలిసిపోతుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ బట్టీ ఎప్పటిది? ఎప్పుడో వదిలేసిందా, మళ్లీ వారంలో వెలగబోతోందా? లంకల్లో గాలించే ఎక్సైజ్ సిబ్బంది తేల్చుకోవాల్సింది ఇదే.

ముందు ఈ ప్రాంతం సంగతి చూద్దాం. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఇసుక, ఒండ్రు మేటలు వేసి లంకలు ఏర్పడ్డాయి. కొన్నింట్లో ఊళ్లు, అరటి తోటలు, కూరగాయల సాగు ఉంటాయి. కొన్ని మాత్రం రెల్లు గడ్డి, తుమ్మ చెట్లతో నిండిపోయి మనిషి ఎత్తున కమ్ముకుని ఉంటాయి. సారా కాసేవాడికి కావాల్సినవన్నీ అక్కడే దొరుకుతాయి. చుట్టూ నీళ్లు, వంటచెరకు, పొగ కనబడనివ్వని పొద. అన్నిటికంటే ముఖ్యం, పడవ లేకుండా ఎవరూ రాలేరు. ఆ పడవ ఇంజన్ శబ్దం కిలోమీటరు ముందే వినబడుతుంది. పోలీసులు దిగేసరికి పొయ్యి మీద ఊట ఉడుకుతూ ఉంటుంది, మనుషులు మాత్రం ఉండరు.

ఇంకో తంటా జిల్లా సరిహద్దు. వశిష్ఠకు ఒక ఒడ్డున పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆచంట, నరసాపురం. అవతలి ఒడ్డున కోనసీమ జిల్లా రాజోలు. మధ్యలో లంక. ఇటు నుంచి దాడి జరిగితే అటు దాటేయడానికి నాటు పడవ చాలు. అందుకే రెండు జిల్లాల వాళ్లు కలిసి వెళ్లని దాడికి ఫలితం అంతంతమాత్రం.

ఊట, సారా ఒకటి కాదు

బెల్లం నీళ్లు పులిస్తే ఊట. దీనికి సుమారు వారం పడుతుంది. ఆ ఊటను కాస్తే వచ్చేది సారా. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. ఆ ఆవిరిని చల్లబరిచి పట్టుకోవడమే బట్టీ చేసే పని. కింద పొయ్యి, దాని మీద ఊట పాత్ర, పైన చల్లనీళ్ల పాత్ర. అంతకుమించి పెద్ద యంత్రాంగమేమీ ఉండదు.

వార్తల్లో ‘వెయ్యి లీటర్ల బెల్లం ఊట ధ్వంసం’ అని చదువుతుంటాం కదా. అంకె పెద్దదే. కానీ ఊటలో ఎక్కువ భాగం నీళ్లే. వెయ్యి లీటర్ల ఊట అంటే వెయ్యి లీటర్ల సారా కాదు, అందులో చాలా చిన్న వంతు. పైగా అదే వార్తలో చివరి వాక్యం ‘నిందితులు పరారీ’ అని ఉంటే, నేలపాలైంది వారం రోజుల పని మాత్రమే. డ్రమ్ము, బెల్లం, బిందె మళ్లీ కొనుక్కోవచ్చు. నిజం చెప్పాలంటే లీటర్ల లెక్క కంటే ఎవరైనా దొరికారా, బెల్లం ఎక్కడి నుంచి వచ్చింది అన్న రెండు ప్రశ్నలే ముఖ్యం.

బట్టీ పాతదా కొత్తదా అన్నది ఇక్కడే తేలుతుంది. బూడిద పొడిగా, తేలికగా ఎగురుతుంటే అది తాజాది. వాన పడి పైన పెచ్చు కట్టిందంటే పాతది. పొయ్యి కింద మట్టి ఎర్రగా కాలి ఇటుకలా గట్టిపడితే, అక్కడ ఒకసారి కాదు, పదేపదే కాశారని అర్థం. డ్రమ్ము పాతిన గొయ్యి అంచులు ఇంకా విరగకుండా ఉంటే, పైన ఎండు రెల్లు కప్పి ఉంటే, మనిషి మళ్లీ వస్తాడు. పులిసిన బెల్లం వాసన సరేసరి, ఊట పారబోశాక కూడా ఆ మట్టిని అంత తేలిగ్గా వదలదు. ఈ మధ్య డ్రోన్లు కూడా ఎగరేస్తున్నారు. పైనుంచి పొగ, పొదల మధ్యలో సన్నటి కాలిబాట, నీలం డ్రమ్ములు తెలుస్తాయి. పొయ్యి ఆరిపోయి ఎన్నాళ్లైందో తెలియాలంటే మాత్రం దిగి చెయ్యి పెట్టాల్సిందే.

అమెరికాలో జ్ఞాపకం, ఇక్కడ కేసు

అమెరికాలో 1920 నుంచి 1933 వరకు దేశమంతా మద్యనిషేధం అమల్లో ఉంది. అపలాచియన్ కొండల అడవుల్లో అంతకుముందు నుంచే దొంగచాటుగా సారా కాసేవారు, నిషేధంలో అది ఇంకా పెరిగింది. వాటి తుప్పు పట్టిన పాత్రలు, విరిగిన పీపాలు ఇప్పటికీ కొండ వాగుల పక్కన కనిపిస్తుంటాయి. కొన్నింటి మీద గొడ్డలి గాట్లు ఉంటాయి. అధికారులు బట్టీలను నరికి పాడుచేసిన గుర్తులవి. వాటిని వెతుకుతూ అడవుల్లో నడిచేవాళ్లు కూడా ఉన్నారు.

గోదావరిలో అలాంటి పాత అవశేషాలు మిగలడం కష్టం. ఏటా వరద వచ్చి తుడిచేస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు. అంత నీరు పోయాక లంకల్లో పొయ్యి రాళ్లు ఎక్కడుంటాయి? కాబట్టి ఇక్కడ కనబడే ‘పాత’ బట్టీ వయసు మహా అయితే గత వరద నుంచి లెక్క.

అలవాటు మాత్రం పాతదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993 అక్టోబర్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ రెండేళ్లూ కూడా గోదావరి జిల్లాల పక్కనే ఉన్న యానాంలో మద్యం దొరికేది, ఎందుకంటే అది పుదుచ్చేరి పరిధి. డబ్బులున్నవాళ్లు యానాం చూసుకునేవారు. లేనివాళ్లకు లంక. మద్యం ధర పెరిగినప్పుడల్లా బట్టీ వెలగడానికి కారణం కూడా ఇదే.

మడ అడవుల్లో ఇంకో నష్టం

సముద్రం దగ్గరపడే కొద్దీ లంకల స్థానంలో మడ అడవులు వస్తాయి. తాళ్లరేవు, ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు. ఇందులో కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. పాయల్లో నీరు ఉప్పు. అందుకే ఊటకు మంచినీళ్లు బయటి నుంచి మోసుకురావాలి. మడ దారిలో ఖాళీ నీళ్ల క్యాన్లు పడి ఉంటే ఆలోచించాల్సిందే. రెండో గుర్తు నరికిన మొదళ్లు. పొయ్యికి కట్టెలు కావాలి కదా. 1996 నవంబర్ 6 తుపాను కాకినాడ, యానాం తీరాన్ని ఎలా ఊడ్చేసిందో ఇక్కడి పెద్దవాళ్లకు గుర్తే. అలల ముందు నిలబడి అడ్డుకునేది ఈ చెట్లే.

తాగితే ఏమవుతుంది?

‘మెథనాల్ కలిసింది’ అనే మాట తరచూ వింటాం. నిజానికి ఒట్టి బెల్లం ఊటలో మెథనాల్ పుట్టేది చాలా తక్కువ. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది పారిశ్రామిక మెథనాల్ కలిపిన సారా వల్ల. అలాగని బట్టీ సారా మంచిదని కాదు. కిక్కు కోసం, తొందరగా పులియడం కోసం యూరియా, నవసాగరం లాంటివి కలుపుతారు. ఎంత కలిపారో కాసినవాడికే లెక్క ఉండదు. 2022 మార్చిలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా జంగారెడ్డిగూడెంలో వరుసగా మనుషులు చనిపోయారు. సారా వల్లేనని కుటుంబాలు, ప్రతిపక్షం అన్నాయి. కాదు, సహజ మరణాలని ప్రభుత్వం చెప్పింది. అసెంబ్లీలో రోజుల తరబడి దుమారం రేగింది. సారా తాగాక చూపు మసకబారినా, కడుపునొప్పి, వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేసు అవుతుందేమోనని దాచడం వల్లే ప్రాణాలు పోతున్నాయి.

నాటుసారా లేకుండా చేస్తామంటూ రాష్ట్ర ప్రభుత్వం 2025 ఆరంభంలో ‘నవోదయం 2.0’ మొదలుపెట్టింది. దాడులతో పాటు బైండోవర్లు, బెల్లం సరఫరాదారులపై కేసులు, కాపు మానేసినవాళ్లకు వేరే ఉపాధి అన్నది ప్రణాళిక. ఇందులో చివరిదే కష్టమైనది. సారా కాసే కుటుంబాల్లో చాలావాటికి సొంత భూమి లేదు.

మీరు లంకకో, మడ వైపో వెళ్లినప్పుడు ఇలాంటి పొయ్యి కనబడితే వీడియో కోసం దగ్గరికి వెళ్లకండి. డ్రమ్ములో ఉన్నది రుచి చూడకండి, కదపకండి. చోటు గుర్తుపెట్టుకుని ఎక్సైజ్ స్టేషన్‌కు చెబితే చాలు. చెప్పినవాళ్ల పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు.