మహమ్మారి నాటి ఉత్తర్వులు – రైతు స్థానము

మన నల్లచెరువు ప్రాంతమున నలుగురు రైతులు రచ్చబండపై గూర్చున్నపుడు నేటికిని ఒక వాదము లేచుచుండును. 2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి వచ్చినపుడు దేశమంతయు మూసివేయుట మేలా, కీడా? మూయకున్న ప్రాణములు దక్కెడివి కావని కొందఱందురు. మూసినందున పంట నేలపాలయ్యెనని మఱికొందఱందురు. ఉభయుల మాటలోను సత్యము కలదు. కాని సహకార సంఘ సభ్యుడు విచారింపవలసిన ప్రశ్న వేఱొకటి కలదని మా అభిప్రాయము. ఉత్తర్వు వ్రాయునపుడు రైతు జ్ఞప్తికి వచ్చెనా? వచ్చినచో ఎన్ని దినములకు వచ్చెను?

ఇట్టి వేళల ప్రభుత్వములకు ఆధారమైన చట్టములలో ప్రాతది బొంబాయి ప్లేగు నాడు, 1897లో, పుట్టినది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిననుసరించియే నిబంధనలు ప్రకటించెను. కేంద్ర ప్రభుత్వము 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమును ఆశ్రయించెను. మార్చి 24వ తేది రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి ప్రకటింపగా, నాటి అర్ధరాత్రి నుండియే 21 దినముల లాక్‌డౌను అమలునకు వచ్చెను. వ్యాధి స్వభావము ఎవరికిని తెలియని దినములవి. ఆ నెల ముగియులోపలనే మన హిందూపురము, లేపాక్షి ప్రాంతములందును వ్యాధి కనబడెను. కావున త్వరపడినందుకు ప్రభుత్వమును నిందించుట న్యాయము గాదు.

అయినను ఆ మొదటి ఉత్తర్వులో కూరగాయల అంగడికి, పాలకు, పశుగ్రాసమునకు చోటు దొరకెను గాని, పొలములో పనిచేయు రైతునకు, కూలికి, పంట అమ్ముడుపోవు మార్కెటు యార్డునకు స్పష్టమైన చోటు లేకపోయెను. అవి మార్చి 27 నాటి అనుబంధపు ఉత్తర్వులో చేరెను. నడుమ గడచినవి మూడు దినములు. కచ్చేరిలో మూడు దినములు స్వల్పమే. మదనపల్లె మార్కెటును నమ్ముకొని టమాట కోతకు వచ్చిన తోట గల రైతునకు స్వల్పము గావు. పండిన కాయ ఉత్తర్వు కొఱకు కాచుకొని యుండదు గదా!

మన సరకు దూరపు విపణికి చేర్చు ఏర్పాటును ఆలస్యముగనే వచ్చెను. అనంతపురము నుండి ఢిల్లీలోని ఆదర్శనగరమునకు కిసాన్ రైలు 2020 సెప్టెంబరు 9న బయలుదేఱెను. దక్షిణదేశమున అట్టి రైలు అదియే మొదటిది. 322 టన్నుల పండ్లు, కూరగాయలు అందు వెళ్ళెను. ఏర్పాటు మంచిదే. అయితే వేసవి పంట అప్పటికే ముగిసియుండెను.

ఇక ఋణముల సంగతి. మార్చి 27ననే రిజర్వు బ్యాంకు, వాయిదాల చెల్లింపును మూడు నెలలు నిలుపుటకు బ్యాంకులకు అనుమతి యిచ్చెను. సహకార బ్యాంకులును అందు చేరియుండెను. మే 22న ఆ గడువు ఆగష్టు 31 వరకు పొడిగింపబడెను. దీనిని పలువురు మాఫీ యని భ్రమించిరి. వాయిదా నిలిచెను గాని వడ్డీ నిలువలేదు. పంట ఋణముల విషయము వేఱుగా మార్చి 30న తేల్చిరి. 3 లక్షల రూపాయల వఱకు గల స్వల్పకాలిక పంట ఋణములపై, సకాలమున చెల్లించువారికి దక్కు 4 శాతము వడ్డీ సౌకర్యమును మొదట మే 31 వఱకును, పిమ్మట ఆగష్టు 31 వఱకును నిలిపిరి. ఇది మేలైన పని.

కాని నిలిపిన కాలమునకు వడ్డీపై వడ్డీ వేయవచ్చునా యను వివాదము సుప్రీంకోర్టున నడచుచుండగా, 2020 అక్టోబరులో కేంద్రము 2 కోట్ల లోపు ఋణములకు ఆ భారమును తానే భరింతునని యొక పథకము ప్రకటించెను. గృహ ఋణము, వాహన ఋణము, క్రెడిట్ కార్డు బాకీ సైతము ఆ జాబితాలో నుండెను. పంట ఋణమును, ట్రాక్టరు ఋణమును లేకుండెను. తుదకు 2021 మార్చి 23న సుప్రీంకోర్టు, వడ్డీ సాంతము మాఫీ చేయుటకు నిరాకరించుచు, ఆ ఆఱు నెలలకు వడ్డీపై వడ్డీ ఎవరివద్దను గొనరాదని తీర్పు చెప్పెను. ఏప్రిల్ 7న రిజర్వు బ్యాంకు తదనుసారముగా సహకార బ్యాంకులతో సహా ఋణసంస్థలకు ఆదేశమిచ్చెను.

సోదరులారా! రైతుపై ద్వేషముచే నెవరును ఇట్లు చేసిరని మేము చెప్పము. జాబితా వ్రాయుచోట రైతు పక్షమున గట్టిగా పలుకువారు లేకపోవుటయే లోపము. ఆ మాట పలుకవలసినది మన సంఘములు గాక మఱెవరు?

కావున మా మనవి యిది. సర్వసభ్య సమావేశమున ఈ సంగతి చర్చింపుడు. 2020లో ఏ పంట ఏ దినమున ఎట్లు నష్టపడెనో జ్ఞాపకమున్నంతలో వ్రాయించి దఫ్తరమునందుంచుడు. ఆ ఆఱు నెలల వడ్డీ తమ ఖాతాలో ఎట్లు లెక్కింపబడెనో కార్యదర్శిని అడిగి తెలిసికొనుడు. మఱియొక వ్యాధి వచ్చిన నాడు తొలి ఉత్తర్వులోనే పొలము, కూలి, మార్కెటు, పంట ఋణము చేరవలయునని ఇప్పుడే తీర్మానము చేసి జిల్లా కలెక్టరుకును, జిల్లా సహకార బ్యాంకునకును పంపుడు. వ్యాధి వచ్చిన పిమ్మట వ్రాసిన అర్జీ, అనుబంధపు ఉత్తర్వు వలెనే, ఆలస్యముగ చేరును.