నార తెలిసిన చేతులు

జనవరి వచ్చిందంటే మా క్వేకర్స్ హిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ఎండకు తాళలేక మేమొక లినెన్ చొక్కా కొన్నాము. విజయనగరం దగ్గరి పల్లె నుంచి మమ్మల్ని చూడవచ్చిన మా అమ్మగారు దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "ఇది నూలు కాదురా, నార" అన్నారు. అవిసె నార అని మేము గొప్పగా చెబితే, "అవిసె చెట్టుకు నారెక్కడిదిరా?" అని నవ్వారు.

చిక్కంతా పేరుతోనే. ఆకు కూర వండుకునే అవిసె చెట్టు వేరు, నూనె తీసే అవిసె గింజల మొక్క వేరు. లినెన్ ఈ రెండవదాని కాడ నుంచి వస్తుంది. మన దేశంలో దీన్ని ముఖ్యంగా గింజ కోసం పండిస్తారు. ఫ్రాన్స్, బెల్జియం దేశాల్లో నార కోసం పొడుగు రకాలను ఒత్తుగా విత్తుతారు. ఒత్తుగా ఉంటే మొక్క కొమ్మలు వేయక నిటారుగా పెరుగుతుంది. సుమారు 100 రోజులకు మీటరు ఎత్తు వస్తుంది. నార పొడుగు తగ్గకుండా దాన్ని కోయక, వేళ్ళతో సహా పీకుతారు. గింజలు రాల్చి, కాడలను నీటిలో ఊరవేస్తారు, లేదా పొలంలోనే మంచుకు పరుస్తారు. నారను కాడకు పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురును సూక్ష్మజీవులు తినేస్తాయి. తక్కువ ఊరితే నార ఊడిరాదు, ఎక్కువైతే నారే కుళ్ళిపోతుంది. తరువాత ఎండబెట్టి, కాడను విరగగొట్టి, పొట్టు దులిపి, ఇనుప పళ్ళ దువ్వెనలతో దువ్వితే జుట్టువంటి నార మిగులుతుంది. సన్నటి దారం కావాలంటే తడిపి వడుకుతారు.

"మా గోగునారా అంతే కదా!" అన్నారు అమ్మగారు. ఊరిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగాము. "మొదట్లో వేలితో నొక్కి లాగితే నార జారి రావాలి. నీటి వాసన కూడా చెప్పేస్తుంది" అన్నారు.

మేము ఆపరేషన్ గదిలో లినెన్ దారంతో రక్తనాళాలకు ముడులు వేసినవాళ్ళమే. అది తడిస్తే మరింత గట్టిపడుతుందని పరీక్షకు చదివాము. ఎలా తయారవుతుందో మాత్రం ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

అడిగినా, తెలిసినవాళ్ళను అడగాలి. ఈ దేశ చరిత్రలోనే దీనికొక కథ ఉంది. 1788లో సిడ్నీలో వలస స్థాపించినప్పుడు, తెరచాపలకు నార కావాలని లెఫ్టినెంట్ కింగ్‌ను నార్ఫోక్ దీవికి పంపారు. అక్కడున్నది అసలు అవిసె కాదు, కత్తుల్లాంటి ఆకులున్న న్యూజిలాండ్ ఫ్లాక్స్. దాని నార సరిగా తీయడం తెల్లవాళ్ళకు చేతకాలేదు. 1793లో న్యూజిలాండ్ తీరం నుంచి టుకి, హురు అనే ఇద్దరు మావోరీ యువకులను ఓడలో ఎత్తుకొచ్చారు. తీరా అడిగితే, అది తమ ఆడవాళ్ళ పని అనీ, తమకు అంతగా తెలియదనీ చెప్పారు! ఆ ఏడాదే కింగ్ స్వయంగా వెళ్ళి వాళ్ళను స్వదేశంలో దింపి వచ్చాడు.

మా అమ్మగారు వచ్చే నెల తిరిగి వెళుతున్నారు. మా ఊళ్ళో ఇప్పుడు గోగు ఊరవేసేవాళ్ళు బాగా తగ్గారట. మా అమ్మాయి నానమ్మ మాటలు చెప్పినవి చెప్పినట్లు నోటు పుస్తకంలో రాసుకుంటోంది. మీ ఇళ్ళకూ అమ్మలు, అత్తలు వస్తూనే ఉంటారు. వంటా, పిల్లలూ వాళ్ళకు అప్పగించి మనం డ్యూటీలకు పోతాము. వాళ్ళు విమానం ఎక్కేలోగా, వాళ్ళ చేతులకు తెలిసిన పని ఒక్కటైనా అడిగి చూడండి.