కూబర్ పీడీ: ఒకే రాయిలో రంగులూ, ఇళ్లూ

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి స్టువర్ట్ హైవే మీద ఉత్తరంగా దాదాపు 850 కిలోమీటర్లు వెళ్తే, ఎర్రటి ఎడారిలో తెల్లటి మట్టిగుట్టలు కుప్పలు కుప్పలుగా కనబడతాయి. ఓపల్ అనే రత్నం కోసం తవ్విన గుంతల్లోంచి తోడిపోసిన మట్టి అది. ఊరి పేరు కూబర్ పీడీ. కారులో ఉలూరు శిల దాకా వెళ్లేవాళ్లు చాలామంది ఇక్కడ పెట్రోలు పోయించుకుని, నేల కింద తొలిచిన చర్చి ఒకటి చూసి వెళ్లిపోతారు. కనీసం ఒక రాత్రయినా ఉండాల్సిన ఊరు ఇది. ఇక్కడి రత్నానికీ, నేల కింది ఇళ్లకూ పుట్టిల్లు ఒకటే రాయి.

సుమారు 11 కోట్ల ఏళ్ల కిందట, క్రెటేషియస్ కాలంలో, ఆస్ట్రేలియా నడిమధ్యన లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న బురదే ఈ రాయి. సముద్రం తొలగిపోయాక అది చాలా లోతు వరకు శిథిలమైంది. ఖనిజాలు విడిపోయి తెల్లని బంకమట్టి మిగిలింది. వాటి నుంచి వెలువడ్డ సిలికా నీటిలో కరిగి కిందికి ఇంకింది. పగుళ్లలో, కరిగిపోయిన గవ్వలు వదిలిన ఖాళీల్లో చేరి, నెమ్మదిగా గట్టిపడింది. అందుకే ఇక్కడ ఓపల్‌గా మారిన గవ్వలు దొరుకుతాయి. సముద్ర సరీసృపాల ఎముకలూ దొరికాయి. అలా దొరికిన 'ఎరిక్' అనే ప్లయోసార్ అస్థిపంజరం సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంలో ఉంది.

మరి ఆ రంగులు ఎక్కడివి? ఓపల్ అంటే సిలికా, కొంత నీరు. ఎరుపు, పచ్చ, నీలం పుట్టించే రంగుపదార్థం వేరే అక్కర్లేదు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి గుట్టు విప్పారు. తోపుడుబండి మీద బత్తాయిలు పేర్చినట్టు, ఒకే సైజు సిలికా గోళాలు వరసలు తప్పకుండా అమరి ఉన్నాయి. ఒక్కోటి మిల్లీమీటరులో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే. గోళాల మధ్య ఎడం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండడంతో వివర్తనం జరిగి, కాంతి రంగులుగా చీలుతుంది. గోళాలు చిన్నవైతే నీలం, పెద్దవైతే ఎరుపు దాకా. రాయిని కాస్త తిప్పితే కోణం మారి రంగూ మారిపోతుంది. ఎరుపు మెరిసే రాళ్లకు ధర ఎక్కువ పలకడానికి కారణం ఇదే: అంత పెద్ద గోళాలు అంత క్రమంగా అమరడం అరుదు.

1915లో ఇక్కడ ఓపల్‌ను మొదట చూసింది 14 ఏళ్ల విల్లీ హచిసన్. తండ్రి బృందం బంగారం కోసం వచ్చింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు గనులు తవ్వుతూ, రాతిగుట్టలను తొలిచి వాటిలోనే కాపురం పెట్టారు. వేసవిలో బయట 45 డిగ్రీలు దాటినా ఆ ఇళ్ల లోపల 25కు అటూఇటూ ఉంటుంది. రాయిలో వేడి చాలా నెమ్మదిగా కదులుతుంది. పగలూ రాత్రీ తేడా పై మీటరులోనే అణగిపోతుంది. ఇంకొన్ని మీటర్లు లోపలికి వెళ్తే ఎండాకాలం, చలికాలం తేడా కూడా దాదాపు తెలియదు. శిథిలమైన రాయి యంత్రానికి తేలిగ్గా లొంగుతుంది; అయినా కప్పు తనంతట తానే నిలబడుతుంది. గోడల మీద తవ్వుడు యంత్రం పళ్ల గుర్తులు అలాగే ఉంచుతారు. అవి తప్పక చూడండి, ఏ అలంకారానికీ తీసిపోవు.

గనుల ప్రాంతంలో మాత్రం జాగ్రత్త. పాత గుంతలకు మూతలుండవు. ఫొటో కోసం వెనక్కి నడవొద్దని బోర్డులే హెచ్చరిస్తాయి.

ఊళ్లో సందర్శకులు మట్టిగుట్టల్లో ఓపల్ వెతుక్కోవడానికి విడిగా ఒక చోటు ఉంది. అక్కడ చేతికొచ్చేది ఎక్కువగా 'పాచ్', అంటే మెరుపులేని ఓపల్. దాన్ని పారేయకండి. దుకాణంలో మంచి ఓపల్ పక్కన పెట్టి చూడండి. రెంటిలోనూ ఉన్నది సిలికా, నీరే. పాచ్‌లో గోళాలు వరస తప్పాయి, అంతే.