చిన్న వ్యాపారి వెబ్‌సైటు: వెదకువారికి కనబడుట ఎట్లు?

పూర్వము అంగడి నాలుగు వీధుల కూడలిలో ఉన్నచో చాలును, బేరము దానంతట అదే సాగెడిది. నేడు కొనదలచినవాడు బజారునకు బయలుదేరక మునుపే చేతిలోని ఫోనులో వెదకుచున్నాడు. ఆ వెదకులాటలో మొదటి పుటలో కనబడని అంగడి, సందు చివర దీపము లేని అంగడి వంటిది. వేలకు వేలు వెచ్చించి వెబ్‌సైటు పెట్టుకొనియు ఎవరి కంటను పడని చిన్న వ్యాపారులు మన చుట్టూ ఎందరో కలరు. వారికి కొంతయైనను ఉపకరించునను ఆశతో ఈ విషయమును వివరింపబూనినాము.

గూగుల్ వంటి సెర్చి ఇంజను పని మూడు దశలలో జరుగును. మొదట దాని కంప్యూటర్లు లింకుల దారి పట్టి ఒక పేజీ నుండి మరియొక పేజీకి పోవుచు, కనబడినదానిని చదువును. పిదప, పుస్తకము చివర ఉండు పదసూచిక వలె, ఏ విషయము ఏ పేజీలో ఉన్నదో నమోదు చేసికొనును. మనము ప్రశ్న వ్రాయగానే ఆ సూచిక నుండి తగిన పేజీలను ఏరి వరుసగా పేర్చును.

ఈ వరుసను నిర్ణయించుటకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను యువకులు 1998లో ‘పేజ్‌ర్యాంక్’ పద్ధతిని వెల్లడించినారు. ఒక పేజీకి ఇతరులిచ్చిన లింకులను సాక్ష్యములుగా భావించుట, అందును పేరున్న పేజీ ఇచ్చిన సాక్ష్యమునకు ఎక్కువ విలువ కట్టుట దీని సారాంశము. ఊరిలో పెద్దమనిషి మాటకు విలువ ఎక్కువ గదా! నేడు దీనితోపాటు మరెన్నో అంశములను లెక్కలోనికి తీసికొనుచున్నారు.

మాకు తెలిసిన యొక ఉదాహరణమును మనవి చేయుదుము. హైదరాబాదులో చార్మినారు చెంతనున్న లాడ్ బజారు లక్క గాజులకు ప్రసిద్ధి. అచ్చటి దుకాణదారుడొకరు, మా మిత్రుని తండ్రిగారు, వెబ్‌సైటు చేయించుకొన్నారు. అందులో రంగురంగుల పెద్ద బొమ్మ, క్రింద “నాణ్యతకు మారుపేరు” అను మాట తప్ప మరేమియు లేదు. దుకాణము పేరు, ఫోను నంబరు సైతము బొమ్మలోనే ఇమిడియున్నవి. ‘లక్క గాజులు’ అను మాట ఎక్కడను అక్షరములలో లేదు. యంత్రము ముఖ్యముగా ఆధారపడునది అక్షరముల పైననే. లేని మాటకై వెదకువారికి ఆ పేజీని చూపుటెట్లు?

ఇంతలో ఒకడు వచ్చి, నెల తిరుగులోపల మొదటి స్థానము ఇప్పించెదనని సొమ్ము పుచ్చుకొని, పేజీ నిండ ఒకే మాటను పదేపదే దట్టించి, ఎక్కడెక్కడి నుండియో లింకులు కొని తగిలించి పోయినాడు. ఇట్టి మాయలను అణచుటకే గూగుల్ 2011లో ‘పాండా’, 2012లో ‘పెంగ్విన్’ అను మార్పులను ప్రవేశపెట్టినది. మొదటి స్థానమునకు ఎవరును హామీ ఇవ్వజాలరని ఆ సంస్థయే చెప్పుచున్నది. ఒక సీజను రాబడిలో కొంత భాగము ఆ విధముగా నీళ్ళపాలైనది.

అటుపిమ్మట మేము కొందరము కూర్చుండి ఆలోచించినాము. దుకాణమునకు వచ్చువారు తరచుగా ఏమి అడుగుదురు? “నా చేతికి ఏ సైజు పట్టును?” అని. కావున దానికే ఒక పేజీ వ్రాసినాము. చేతికి సరిపోవు పాత గాజును స్కేలుపై ఉంచి లోపలి వ్యాసమును కొలువవలెను. రెండుంబావు అంగుళములున్నచో అది ‘2-4’ సైజు. ఇంచుమించు 60 మిల్లీమీటర్లున్నచో ‘2-6’. రెండున్నర అంగుళములున్నచో ‘2-8’. ఇట్లు కొనువాని ప్రశ్నకు సూటియైన సమాధానమిచ్చు పేజీయే నిజమైన పెట్టుబడి.

రెండవది భాష. ఒకరు ‘లక్క గాజులు’ అని, మరియొకరు ‘లాఖ్ కీ చూడియాఁ’ అని వెదకుదురు. తెలుగునకు వేరుగా, ఉర్దూకు వేరుగా పేజీలు వ్రాసి, ఒకదానికొకటి లింకు కలుపవలెను. ప్రతి పేజీకిని దానిలోని విషయమును తెలుపు ప్రత్యేక శీర్షిక ఉండవలెను.

మూడవది స్థానికత. ‘గూగుల్ బిజినెస్ ప్రొఫైల్’ ఉచితము. దగ్గరి దుకాణములను చూపునపుడు గూగుల్ ప్రధానముగా విషయ సంబంధము, దూరము, ప్రసిద్ధి అను మూడింటిని చూచును. దూరము మన చేతిలో లేదు. తక్కిన రెండును కొంతవరకు ఉన్నవి. పేరు, చిరునామా, తెరచు వేళలు అంతటను ఒకే తీరుగా ఉండవలెను. కొనినవారిని అభిప్రాయము వ్రాయుమని కోరవచ్చును గాని, సొమ్మిచ్చి వ్రాయించరాదు.

నాలుగవది వేగము. పేజీలోని ప్రధాన భాగము రెండున్నర సెకండ్లలోపల కనబడుట మేలని గూగుల్ ప్రమాణము. బరువైన ఫోటోల పరిమాణమును తగ్గించిన చాలవరకు ఇది సాధ్యమగును. ఏ మాటలతో వెదకి జనులు వచ్చుచున్నారో తెలిసికొనుటకు ‘సెర్చ్ కన్సోల్’ అను ఉచిత సాధనము కలదు.

ఫలితము ఒక్కనాట రాదు, నెలలు పట్టును. ఆ దుకాణమునకు నేటికిని మొదటి స్థానము లభింపలేదు. కాని సైజును ముందే కొలుచుకొని ఫోను చేయువారు వచ్చుచున్నారు. ఆ పెద్దాయన సంతోషముతో, “ఇదివరకు గాజులు వాపసు వచ్చెడివి, ఇప్పుడు మనుషులు వచ్చుచున్నారు” అన్నారు.

తెలుగు, ఉర్దూ రెండును చదువుకొను భాగ్యము మన కళాశాల విద్యార్థులకు కలదు. ఇంటి ప్రక్క దర్జీకో, ఎదుటి బేకరీకో రెండు భాషలలో నాలుగు నిజమైన వాక్యములు వ్రాసి ఇచ్చుటకు పెద్ద పాండిత్యము అక్కరలేదు. సెలవు దినమున ఒక పూట చాలును. మోసగాని చేతిలో పడవలసిన సొమ్ము ఒక కుటుంబమునకు మిగిలినచో, మన చదువునకు అంతకన్న సార్థకత ఏమి కావలెను?