గానుగ నూనె కొంటున్నారా? ముందు గింజ చూడండి

పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఈ మధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న: "మేడమ్, పిల్లలకు గానుగ నూనె మంచిదేనా?" మంచిదే. కానీ గానుగ ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకుని కొనండి.

వేరుశనగ గింజ బరువులో దాదాపు సగం నూనే. అది గింజ కణాల్లో చిన్న చిన్న బొట్లుగా ఉంటుంది. ఆ కణాలు చితికితేనే బయటికి వస్తుంది. ఎద్దు గానుగలో రోకలి గింజల్ని రోటి గోడకు ఒత్తి నలిపేది. ఇప్పటి చెక్క గానుగలోనూ అదే పని, ఎద్దు బదులు మోటారు ఉంటుంది. మిల్లుల్లోని ఎక్స్‌పెల్లర్ వేరు. ఇనుప గొట్టంలో పెద్ద స్క్రూ తిరుగుతూ గింజల్ని ముందుకు తోస్తుంది. పోనుపోను జాగా ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. నూనె గొట్టం సందుల్లోంచి కారుతుంది, చెక్క చివర్న బయటపడుతుంది. ఎనిమిదో తరగతి ఫోర్స్ అండ్ ప్రెషర్ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. వీలైతే పిల్లలకు చూపించండి, కాస్త దూరం నుంచే.

ఎక్స్‌పెల్లర్‌లో రాపిడికి నూనె బాగా వేడెక్కుతుంది. చెక్క గానుగ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వేడి తక్కువ, కమ్మటి వాసన నిలుస్తుంది. కొవ్వు మాత్రం తగ్గదు. ఏ నూనైనా గ్రాముకు 9 కేలరీలు. "గానుగదే కదా" అని రెండు పూరీలు ఎక్కువ పెట్టడానికి లేదు!

అసలు జాగ్రత్త గింజ దగ్గర. తేమ తగిలి బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, వంట వేడికి పూర్తిగా పోదు. రిఫైనరీ శుద్ధిలో చాలావరకు తొలగిపోతుంది. గానుగ దగ్గర ఆ దశే లేదు. విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగిలినా కొంత నూనెలోకి వస్తుంది. (ఆ చెక్క తిన్న గేదె పాలలోకీ దాని అంశ చేరుతుంది.) అందుకే ఆడించే ముందు గింజలు చూపించమని అడగండి. నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు వాసన వచ్చేవి ఉంటే వద్దనండి. మొహమాటం అక్కర్లేదు.

ఒక చిన్న లెక్క, మీ ఆరో తరగతి అబ్బాయి చేసేస్తాడు. లీటరు గానుగ నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి. ఈ రోజు కిలో గింజల ధరను 2.5తో గుణించమనండి. చెక్క అమ్మితే కొంత వెనక్కి వస్తుంది, ఆడించిన కూలికి కొంత పోతుంది. లీటరు ధర దీనికి చాలా తక్కువగా ఉంటే, ఆ సీసాలో వేరుశనగ నూనె ఒక్కటే ఉందా అని అడగాల్సిందే.

ఇంకో మాట. వేరుశనగ ఎలర్జీ ఉన్న పిల్లలకు గానుగ నూనె వాడకండి. ఎలర్జీ తెప్పించే ప్రొటీన్ అందులో మిగిలి ఉండొచ్చు. లంచ్ బ్రేక్‌లో పిల్లలు బాక్సులు పంచుకుంటారు కాబట్టి, ఎలర్జీ విషయం క్లాస్ టీచర్‌కు డైరీలో రాసి పంపండి.