మడ కాలువలో పూడిక తీసేదెవరు?

మడ అడవి అంటే ఉత్త బురద, పాములు, దోమలు అనుకునే రైతులు ఇంకా ఉన్నారు. కానీ తీరం పక్క ఊళ్ల సంగతి వేరు. పొయ్యిలోకి కట్టె, పాకకు వాసం, ఎండాకాలం గేదెకు మేత ఆ అడవే ఇచ్చింది. వలలో పడే రొయ్య, మండపీత, పండుగప్ప చిన్నప్పుడు పెరిగేది ఆ వేళ్ల మధ్యనే. 1996 నవంబర్ 6 నాటి తుఫాను కోనసీమను ఎలా ఊడ్చిపెట్టిందో పెద్దవాళ్లకు తెలుసు. మడ అడవి తుఫానును ఆపలేదు గానీ, అల జోరును, గట్టు కోతను తగ్గిస్తుంది. దాని వెనకున్న చేనుకు అదే కంచె.

నేల ఎందుకు గొడ్డుబోయింది?

ఒకప్పుడు ఈ అడవిని కూపులుగా విడగొట్టి వంతులవారీగా నరికించారు. నీడ పోయింది. ఎండకు మట్టిలో తేమ ఆరి నేల కుంగింది, పళ్లెంలా గుంట పడింది. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగి పోదు. అక్కడే ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. చౌడు చేలో నారు మాడినట్టే, రాలిన మడ గింజ మొలవదు. కాబట్టి తప్పంతా కట్టెల మోపు ఎత్తుకునే ఆడవాళ్లదే అనడం సబబు కాదు.

చేపముల్లు కాలువలు

దీనికి మందు నీటి పారుదలే. ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ 1996 నుంచి 2003 దాకా అటవీశాఖతో, గ్రామస్థులతో కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఈ పని చేసింది. నడుమ పెద్ద కాలువ, అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేపముల్లులా కనిపిస్తుంది. రోజూ పోటు నీరు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడుక్కుని పోతుంది. కాలువ వాలున ఎక్కువగా తెల్ల మడ నాటారు. మట్లపాలెం వంటి ఊళ్లలో ఆడా మగా కలిసి కమిటీలుగా కూర్చుని, ఎక్కడ తవ్వాలో, ఎక్కడ పశువుల్ని ఆపాలో ప్రణాళిక వేసుకున్నారు.

అసలు చిక్కు ఇక్కడుంది

పోటు నీరు ఉప్పునే కాదు, ఒండ్రును కూడా మోసుకొస్తుంది. తవ్విన కాలువ తవ్వినట్టు ఉండదు. పూడిక తీయకపోతే కథ మళ్లీ మొదటికే వస్తుంది. పథకం డబ్బు ఉన్నన్నాళ్లు కూలి దొరుకుతుంది. ఆ తర్వాత పార పట్టేదెవరు?

మన రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యానికి 1992లో ఉత్తర్వులు వచ్చాయి. మెట్ట అడవిలో వన సంరక్షణ సమితికి కలపలో, వెదురులో వాటా ఉంటుంది. కోరింగ 1978 నుంచి అభయారణ్యం. అక్కడ కొమ్మ నరకడానికి వీల్లేదు. అందుకే పర్యావరణ అభివృద్ధి కమిటీలు పెట్టారు. నరకొద్దన్నప్పుడు వాటా వేరే రూపంలో రావాలి. చేపల వేటకు దారి, పూడిక పనికి కూలి, పర్యాటకుల టికెట్టు డబ్బులో భాగం ఊరికి అందాలి. ఎద్దు మూతికి చిక్కం కట్టి కుప్ప నూర్పిస్తే ఎన్నాళ్లు నూరుస్తుంది?

మీ ఊళ్లో చేయదగినవి

* పూడిక పనిని ఏటా గ్రామసభ తీర్మానంలో పెట్టించండి. ఎవరి వంతు, ఎంత కూలి అన్నది రాతలో ఉండాలి.

* వంటచెరకు కోసం ఊరి పక్క ఖాళీ నేలలో, గట్ల మీద సరుగుడు వేసుకోండి. పాడి పశువులకు మేత ఇంటి దగ్గరే పెంచండి.

* రొయ్యల చెరువు తవ్వేవాళ్లు పోటు నీరు వెళ్లే పాయకు అడ్డంగా గట్టు వేయొద్దు. పాయ మూస్తే దాని వెనక మడ ఎండిపోతుంది.

* 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. చేపలు పట్టడం, పశువుల్ని మేపడం వంటి సామూహిక హక్కులకు గ్రామసభ ద్వారా దరఖాస్తు చేయవచ్చు. గిరిజనేతరులైతే 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ప్రధానంగా అడవిలో ఉంటూ, అడవిని నమ్ముకుని బతుకుతున్నట్టు చూపాలి.

* మడ పెంపకానికి కేంద్రం 2023లో మిష్టి పథకం ప్రకటించింది. మీ తీరానికి పనులు వచ్చాయేమో అటవీ రేంజి కార్యాలయంలో కనుక్కోండి. మొక్కలు నాటడంతో సరిపెట్టకుండా పూడికతీతకూ పద్దు అడగండి.

2021 అటవీ నివేదిక ప్రకారం రాష్ట్రంలో మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. ఇన్ని పాయల్లో ఎక్కడ నీరు ఆగిందో గార్డు ఒక్కడే తిరిగి చూడలేడు. రోజూ పడవ మీద పోయే మనిషికి అది ముందు కనిపిస్తుంది. ఆ మనిషి మాటకు కమిటీలో విలువ ఉంటే కాలువ పారుతుంది.