గోడ మెరిస్తే గుట్టు రట్టు

గృహప్రవేశాల సీజను, ఏ గదికి ఏ పెయింటో రాసివ్వండి, గురువారానికల్లా పేజీలు మూసేస్తాం అన్నారు సంపాదకులు. షేడ్ కార్డు ముందేసుకున్నాను. రంగులదేముంది, ఎవరి కంటికి నచ్చింది వాళ్ళది. అసలు తిరకాసు మ్యాట్, శాటిన్, గ్లాసీ అన్న మాటల్లో ఉంది. పలకలకు పేరుపడ్డ మార్కాపురం వాళ్ళకు ఆ తిరకాసు విప్పడానికి పలక చాలు.

పొడి పలక మెరవదు. దాని మీది సన్నని గరుకుకు తగిలిన వెలుతురు తలో దిక్కుకు చెదిరిపోతుంది. అదే పలకను తడిబట్టతో తుడిచి చూడండి. నీళ్ళు ఆ గరుకును పూడ్చేసి పైన నున్నటి పొర కడతాయి, ఆరేదాకా నిగనిగలాడుతుంది. పెయింటులో ఆ నీళ్ళ పని జిగురుది. జిగురు వంతు ఎక్కువుంటే గ్లాసీ, రంగుపొడి వంతు ఎక్కువుంటే మ్యాట్, రెంటికీ నడుమ శాటిన్. బడిలో నల్లబల్లకు మెరిసే నలుపు వేస్తే కిటికీ వెలుగు అందులో పడి, పక్క వరస పిల్లలకు అక్షరం ఆనదు.

ఇంట్లోనూ అంతే. సాయంత్రం ఎండ గోడ వెంబడి ఏటవాలుగా పడినప్పుడు మెరిసే గోడ మేస్త్రీ చేసిన ఎగుడుదిగుళ్ళన్నీ బయటపెడుతుంది. లప్పం బాగా పెట్టించే ఓపిక లేకపోతే హాలుకూ పడకగదికీ మ్యాటే మేలు. పైకప్పుకైతే మరో ఆలోచనే వద్దు. కానీ చాప మీద కూర్చుని గోడకు తల ఆనించే చోట కొబ్బరినూనె మరక పడుతుంది చూడండి, అక్కడ మ్యాట్ ఓడిపోతుంది. గట్టిగా రుద్దితే మరక పోయినా ఆ మేర నున్నబడి మెరుస్తూ ఉండిపోతుంది. పిల్లల గదికి, నడవాకు, స్విచ్ బోర్డుల చుట్టూ శాటిన్ అందుకే. వంటింట్లో టైల్స్ పైన తాలింపు జిడ్డు, పూజగదిలో దీపం మసి తుడవాలన్నా అదే. తలుపులకు, పసుపు గడపకు ఎనామిల్.

ఇక నాకు గ్లాసీ మీదున్న అసలు అనుమానం. ఈ మార్కాపురం వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. సిమెంటు కలిపేదీ, గోడ తడిపేదీ ఆ నీళ్ళతోనే. గోడలోని తేమ బయటికొస్తూ ఉప్పును వెంట తెస్తుంది. తేమ ఆరిపోతుంది, ఉప్పు తెల్లగా పూస్తుంది. పైన బిగుతైన పొర ఉంటే దాన్ని బొబ్బలెక్కించి పెచ్చులుగా ఊడదీస్తుంది. పైన పటారం, లోన లొటారం! చెమ్మ ఎక్కడిదో చూడకుండా ఖరీదైన డబ్బా తెచ్చి కప్పేస్తే డబ్బు దండగ. వెల్లసున్నం ఈ గొడవ పెట్టుకోదు, తేమను పోనిస్తుంది. చేతికి అంటుతుందన్న మాట నిజమే, అయినా పాత మిద్దెలకు నా ఓటు సున్నానికే.

చరిత్ర రెండు ముక్కల్లో: సున్నం, తర్వాత డిస్టెంపరు, ఆపైన ప్లాస్టిక్ ఎమల్షన్. మధ్యలో 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన ఏషియన్ పెయింట్స్ గట్టూ బొమ్మ, చేతిలో బ్రష్షుతో.

పెట్టెలో మిగిలినవి

కొత్త ప్లాస్టరింగ్ కనీసం 28 రోజులు ఆరాకే రంగు.

ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందటి ఎనామిల్‌ను పొడిగా గీకించకండి, తడిపి గీకించండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

డబ్బా మీది షేడ్ నంబరుతో పాటు మ్యాటో శాటినో ఆ ఫినిష్ పేరు కూడా ఫోటో తీసి పెట్టుకోండి. అదే రంగు వేరే ఫినిష్‌లో తెచ్చి అతుకేస్తే అతుకు కనబడుతుంది.